కోడి కంటె ముందు గూడు



పెరటి కోళ్ళను పెంచు ఇంట ఎప్పుడో ఒక రాత్రి ఈ కష్టము తప్పుట లేదు. తెల్లవారి తలుపు తీయగానే పెరడంతయు ఈకలు. మూడు పెట్టలు చచ్చి పడియుండును, మరి రెండు కనబడవు, పుంజు ఎక్కడో కప్పు మీద నక్కియుండును. ఇంటి ఇల్లాలు "మా ప్రాప్తము ఇంతే" అని ఈకలు ఊడ్చివేయును. ఇంటి యజమాని గుళికల మందు కొరకు వెదకును. ఈ రెండును సరియైన దారులు కావు. కోడిని చంపినది మృగమే. కాని దానిని లోనికి పిలిచినది తలుపు లేని మన గూడు. కోడిని కొనక ముందే గూడు కట్టవలెననియు, గూడు లేని ఇంటికి కోడిపిల్లలను ఇవ్వరాదనియు నా దృఢమైన అభిప్రాయము.

ఇది చిన్న నష్టమని తలపవద్దు. మేలురకపు పెట్ట పెరటిలో ఏడాదికి నూటికి మించి గ్రుడ్లు పెట్టును. ఐదు పెట్టలు పోయినచో ఐదు వందల గ్రుడ్లు పోయినట్లే. ఆ డబ్బు సాధారణముగా ఆ ఇంటి స్త్రీ చేతిలో ఉండు డబ్బు. పిల్లల పలకా బలపమునకు, జ్వరము వచ్చిన రోజున మందునకు, ఎవరినీ అడుగకుండ ఆమె తీయగలిగిన డబ్బు. పంట పోయిన అంచనా వేయుటకు మనుష్యులు వత్తురు. పెట్ట పోయినచో లెక్క వ్రాయువారు లేరు. ఒక రాత్రి దెబ్బతో కోళ్ళ పెంపకమే మానుకొన్న ఇళ్ళు ప్రతి గ్రామమున కలవు.

హైదరాబాదు దగ్గర రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ రకములను తయారు చేసినది. ఈ రకములకు కాళ్ళు పొడవుగా ఉండుట వలన శత్రువుల నుండి తప్పించుకొనగలవని చెప్పుదురు. అది పగటి మాట. చీకటిలో కోడికి చూపు ఆనదు. ఎంత పొడవు కాళ్ళున్నను కూర్చున్న చోటనే దొరికిపోవును. కావున జాతి మేలైనంత మాత్రమున రాత్రికి రక్షణ లేదు.

"మా తాతల నాటి నుండి కోళ్ళు చింతచెట్టు మీదనే పడుకొన్నవి, వాటికి గూడెందుకు?" అని కొందరు అడుగుదురు. తేలికగా ఎగిరెడి నాటు కోడికి చెట్టు కొంత ఆశ్రయమే. కాని పొదుగు పెట్టయు, పిల్లల తల్లియు చెట్టు ఎక్కవు. తాటిచెట్టు ఎక్కగల మానుపిల్లికి చింతచెట్టు ఒక లెక్కా? తాతల నాడు పోయిన కోళ్ళను ఎవరు లెక్కించిరి?

ఇక దాడి జరిగిన ఉదయము ఏమి చేయవలెనో చూతము. ముందుగా ఊడ్చివేయకుడు. గుర్తులు చూడుడు. పల్లెలలో "మీ కుక్కే తిన్నది" అను మాట మీద ఎన్ని తగవులు వచ్చుచున్నవో గ్రామాధికారులకు తెలియును. గుర్తులు చదువ నేర్చినచో సగము తగవులు పుట్టవు.

పెక్కు కోళ్ళు చచ్చి, ఎక్కువ భాగము తినబడక చెల్లాచెదరుగా పడియున్నచో అది సాధారణముగా కుక్కల పని. కోడి మొత్తముగా మాయమై, ఈకల జాడ తుప్పల వైపు సాగినచో నక్కనో, అడవిపిల్లినో అనుమానింపవలెను. గోడ మొదట మన్ను తోడిన కన్నము ఉండి, పిల్లలు మాత్రమే పోయినచో పందికొక్కు. ఏ పెనుగులాటయు లేక గ్రుడ్లో, పిల్లలో తగ్గుచున్నచో పాము వచ్చుచున్నదేమో చూడవలెను. చచ్చిన పిల్ల తలయు మెడయు తడిసియున్నచో, మ్రింగలేక విడిచిన పాము గుర్తు. పట్టపగలు పోయినచో గద్ద, కాకి, ముంగిస, ఉడుము వీనిలో ఒకటి. ముంగిస పగటి వేటగాడు. రాత్రి చావులను దానిపై మోపుట న్యాయము కాదు. గాయమేమియు లేక కోళ్ళు వరుసగా చచ్చుచున్నచో అది దాడి కాదు, కొక్కెర తెగులు వంటి వ్యాధి కావచ్చును. వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

గాయపడిన కోడిని మందలో నుండి వేరు చేయుడు. నెత్తురు కనబడినచో తోటి కోళ్ళే పొడిచి చంపును. కాచి చల్లార్చిన ఉప్పునీటితో పుండు కడిగి, పసుపు అద్ది, చీకటిగా నెమ్మదిగా ఉండు చోట గంప క్రింద ఉంచి నీరు పెట్టుడు. ఈగలు వ్రాలినచో పుండులో పురుగు పడును గనుక గంపపై పలుచని బట్ట కప్పుడు. లోతైన గాయమైనచో పశువైద్యశాలకు తీసికొనిపొండు. చచ్చిన కోళ్ళను లోతుగా పాతిపెట్టుడు. వీధిలో పారవేసినచో కుక్కలకు కోడి రుచి మనమే నేర్పినవారమగుదుము. మృగమును తరుమబోయి ఎవరైనను కరువబడినచో, ఆ పుండును పదిహేను నిమిషములు సబ్బునీటితో కడిగి, ఆ రోజుననే ఆసుపత్రికి వెళ్ళి పిచ్చికుక్క కాటు టీకా వేయించుకొనవలెను.

ఒకసారి రుచి మరగిన మృగము మరల వచ్చును. కావున కన్నము పూడ్చుట, తలుపు బిగించుట ఆ సాయంత్రము లోపలనే జరుగవలెను. రేపటికి వాయిదా వేసినచో మిగిలిన కోళ్ళ మీద ఆశ వదులుకొనవలసినదే.

మందు పెట్టుట గూర్చి కఠినముగానే చెప్పవలసియున్నది. చచ్చిన కోడిలో పురుగుమందు కలిపి పెట్టినచో అది ముందుగా ఇరుగుపొరుగు కుక్కలను, గద్దలను, ఆ పెరటిలోనే తిరుగు మీ కోళ్ళను చంపును. చంటిపిల్లవాడు దానిని ముట్టడని హామీ ఎవరు ఇత్తురు? కంచెకు కరెంటు తీగ తగిలించుట ఇంకను ఘోరము. జంతువులకై పెట్టిన తీగలకు మనుష్యులే బలియైన వార్తలు మనము ఏటేట చదువుచున్నాము. నక్క, అడవిపిల్లి, ముంగిస, ఉడుము, గద్ద, నాగుపాము వీనిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. విషము పెట్టుట, ఉచ్చు వేయుట కూడ ఆ చట్టములో వేట క్రిందికే వచ్చును. దానికి జైలు శిక్ష కలదు. చట్టము మాట అటుంచి, వ్యవసాయాధికారిగా నేను చెప్పునది మరియొకటి. పెరటిలో మీ కోడిని పట్టిన ఆ నోరే పొలములో ఎలుకను పట్టుచున్నది. పాము, ముంగిస, అడవిపిల్లి, నక్క లేని పొలములో వరి దుబ్బులు కొరుకు ఎలుకలకు అడ్డు ఉండదు. కోడిని దాచుకొనుడు, కాపలాదారును చంపకుడు.

గూడు కట్టుటకు గొప్ప ఖర్చు లేదు. పది కోళ్ళకు నాలుగు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు గల గూడు రాత్రి పడకకు చాలును. దానిని రెండు మూడు అడుగుల ఎత్తు గుంజల మీద నిలుపుడు. కోళ్ళ జాలి అని అమ్ము పలుచని ఆరుపలకల తీగ కోడిని లోపల ఆపును గాని కుక్కను బయట ఆపదు. అతుకులు వేసిన గట్టి ఇనుప జాలి, అర అంగుళము కన్నులది వాడినచో పందికొక్కునకును, చాల పాములకును దారి ఉండదు. నేల మీదనే కట్టవలసివచ్చినచో అడుగున బండలు పరచుడు, లేదా జాలిని ఒక అడుగు లోతున పాతుడు. త్రాటి ముడి, కర్రపుల్ల గడియగా పనికిరావు. కుక్క ముట్టెతో నెట్టినను ఊడని ఇనుప గొళ్ళెము పెట్టుడు. గంప క్రింద మూసి పైన రాయి పెట్టుట పిల్లిని ఆపవచ్చును. కుక్కల గుంపును ఆపదు, పందికొక్కును అసలే ఆపదు.

గూడున్నను మూయకున్న ప్రయోజనము లేదు. దీపములు పెట్టు వేళకు కోళ్ళను లెక్కించి లోపల చేర్చి గొళ్ళెము వేయుడు. ఈ పని ఇంటిలో ఒకరికి అప్పగించుడు. అందరి పని ఎవరి పనియు కాదు. ఉదయము బాగుగా వెలుగు వచ్చిన తరువాతనే విడువుడు. వేకువ చీకటి కూడ వేట వేళయే. గ్రుడ్లను ఏ రోజుకారోజు తీయుడు. మిగిలిన మేతను రాత్రి ఉంచకుడు. మేతకు ఎలుక వచ్చును, ఎలుక వెంట పాము వచ్చును. పగటి రక్షణకు గూటి చుట్టు తుప్పలు కొట్టి శుభ్రము చేయుడు. పిల్లలను మొదటి ఆరు వారములు బీర, ఆనప పందిరి నీడననో, పాత చేపల వల కప్పిన ఆవరణలోనో తిరుగనిండు. గద్దకు చూపు ఆనినను దిగుటకు చోటుండదు.

గ్రామాధికారులకు రెండు మాటలు. కోడిపిల్లల పంపిణీ పట్టికలో ఎన్ని పిల్లలు ఇచ్చితిమను గడి ఉండును. దాని ప్రక్కన "గూడు చూచితిమి" అను గడి కూడ ఉండవలెను. పిల్లలను ఇచ్చిన నాటి లెక్క కంటె ఆరు నెలల తరువాత బ్రతికియున్న పెట్టల లెక్కయే నిజమైన లెక్క. పొదుపు సంఘములలో పది మంది స్త్రీలు కలిసి జాలి ఒక్కమారు కొని, ఒకే వడ్రంగి చేత గూళ్ళు చేయించుకొన్నచో ఖర్చు తగ్గును. రెండవది, ఊరి చివర కోడిమాంసపు దుకాణముల వ్యర్థములు కుప్పలుగా పడియున్నంత కాలము కుక్కలును నక్కలును ఊరిని విడువవు. ఆ కుప్పను తీయించుట పంచాయతీ పని. వీధికుక్కలకు గర్భనిరోధక శస్త్రచికిత్స, టీకాలు చేయించు బాధ్యతను 2023 నాటి నియమములు స్థానిక సంస్థల మీదనే ఉంచినవి.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు కాకుండ, ఈ సంచికను మడిచి పెట్టక ముందే పెరటిలోనికి వెళ్ళి మీ గూటి తలుపును ఒకసారి చేతితో నెట్టి చూడుడు. అది కదలినచో, ఈ రాత్రికే బిగించుడు.