కొండపాటకు స్వరలిపి

కొండ ఊళ్లలోని ప్రార్థన మందిరానికి వాద్యం కొనడం ఒక ఎత్తు, దానిని వాయించేవారిని సంపాదించడం మరొక ఎత్తు. పైపు ఆర్గాన్ అన్నది మహానగరాలలోని పెద్ద చర్చీల సొత్తు. అరకులోయ వంటి చోట్ల ఆ స్థానాన్ని మొదట హార్మోనియం, తరువాత ఎలక్ట్రానిక్ కీబోర్డు ఆక్రమించాయి. కీబోర్డు నేర్చిన కుర్రవాడు చదువుకో ఉద్యోగానికో విశాఖపట్నం దిగిపోయాడంటే వాద్యం ముసుగు వేసుకొని మూల కూర్చోవలసిందే. ఈ లోటు తీర్చడానికి స్వరలిపి సాఫ్ట్‌వేర్ అనే కొత్త సాధనం అందుబాటులోకి వచ్చినది. కీర్తన వరుసను ఐదు గీతల మీద చుక్కలుగా కంప్యూటరులో వ్రాసి పెట్టుకుంటే, ఆ యంత్రం తాను వ్రాసుకొన్నదానిని తానే చదివి వినిపిస్తుంది. తీగ కలిపితే ఆర్గాన్ చేతనో కీబోర్డు చేతనో పలికిస్తుంది. 1983లో వాద్య నిర్మాతలు తమలో తాము ఒప్పుకొన్న మిడి అనే సంకేత భాష దీనికి ఆధారం. ఏ మెట్టును ఎప్పుడు నొక్కాలి, ఎంత బలంగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నంత వరకే ఆ భాష ప్రధానంగా చెబుతుంది. నాదం సంగతి వాద్యం చూసుకోవాలి.

ఈ సాధనాన్ని వాయించేవానికి బదులుగా వాడుకోవడం అల్ప ప్రయోజనం. వ్రాయసకానిగా వాడుకోవడం మహా ప్రయోజనం. మొదటిదానిపై ఉన్న ఉత్సాహం రెండవదానిపై కనిపించకపోవడమే విచారించవలసిన సంగతి.

మొదటి ప్రయోజనాన్ని తీసిపారవేయనక్కరలేదు. పాశ్చాత్య కీర్తనల పుస్తకాలలోని శ్రుతి, నాలుగు కంఠాల వరుసలలో తర్ఫీదు పొందిన గాయకులకు కుదిరినది. వారమంతా పొలంలోను కాఫీ తోటలోను పనిచేసి వచ్చిన స్త్రీలకు ఆ పై స్వరాలు అందకపోతే, ఒక్క ఆజ్ఞతో పాట మొత్తాన్ని రెండు మెట్లు దింపవచ్చు. నాలుగు వరుసలలో ఒకదానిని మాత్రమే వినిపించమనవచ్చు; నేర్చుకొనేవారి కోసం నడక తగ్గించవచ్చు. ఇంతటి ఓపిక ఉన్న గురువు దొరకడం కష్టం. అయితే ఆదివారం నాడు సభ ముందు ఆ ఓపికే లోపమవుతుంది. మనిషి వాయించేటప్పుడు చరణం చివర ముసలమ్మ ఊపిరి తీసుకొనే దాకా ఆగుతాడు. పాట ఊపందుకుంటే తానూ ఊపందుకుంటాడు. యంత్రం తనకు ముందే వ్రాసి ఇచ్చిన నడకను తప్పదు. సభే దాని వెంట పరుగెత్తాలి.

ఇది కొత్త ముచ్చట కాదు. పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుంచి ఇంగ్లండు పల్లెటూళ్ల చర్చీలలో పీపా ఆర్గాన్లు వెలిశాయి. మేకులు దిగవేసిన కొయ్య పీపాను పిడి పట్టి తిప్పితే, దాని మీద అమర్చిన పది పన్నెండు వరుసలు పలుకుతాయి. అంతకుముందు ఆ చర్చీల మేడ మీద ఊరివారే వయొలిన్లు, బసూనులు పట్టుకొని వాయించేవారు. నవలాకారుడు థామస్ హార్డీ తండ్రీ తాతా అటువంటి మేళంలోనివారే. ఆ మేళాలను తొలగించి ఆర్గాన్ తెచ్చిన వైనమే ఆయన 1872లో ప్రచురించిన ‘అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ’కి వస్తువు. ఆయన కథ మరొకటి ఉన్నది. చలికి తాళలేక తాగిన మేళగాళ్లు ప్రసంగం సాగుతుండగా నిద్రపోయి, ఉలిక్కిపడి లేచి, చర్చిలో ఉన్న సంగతి మరచి చిందుపాట ఎత్తుకొంటారు. ఊరి దొరకు కోపం వచ్చి, ఇరవై రెండు వరుసలు పలికే పీపా ఆర్గాన్‌ను, దాని పిడి తిప్పడానికి ఒక మర్యాదస్థుణ్ణి తెప్పిస్తాడు. చిందుపాట మళ్లీ వినబడదు. ఊరివారి వాద్యమూ మళ్లీ వినబడదు. హార్డీ నవ్విస్తూనే చెప్పిన ఈ నష్టాన్ని ఇంగ్లీషు పాఠంతో పాటు విద్యార్థులకు చెప్పదగును.

తెలుగు కీర్తన దగ్గరకు వచ్చేసరికి చిక్కు ఇంకొక మెట్టు పెరుగుతుంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిచి చూసినవారికి పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి: శంకరాభరణం, బిలహరి, ముఖారి, కాంభోజి, ఆది, రూపకం, త్రిపుట. పందొమ్మిదవ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి మొదలైనవారు కీర్తన సంప్రదాయాన్ని అనుసరించి వ్రాసిన పాటలు ఇవి. వీటిని స్వరలిపి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, పాశ్చాత్య పద్ధతిలో తోడు స్వరాలు కల్పించమంటే ఏమవుతుంది? మోహన రాగాన్నే తీసుకోండి. అందులో మధ్యమ నిషాదాలు వర్జ్యం. తోడు కల్పించే సామాన్య సూత్రం మూడు స్వరాల గుంపులను వాడుతుంది. వాటిలో అతి ముఖ్యమైన మూడింటిలో ఒకటి మ-ధ-స, మరొకటి ప-ని-రి. పాడేవారు గడప దాటనివ్వని స్వరాలను వాద్యం పెరటి దారిన ఇంట్లోకి తెస్తుంది. పాట చెడినదని సభకు తెలుస్తుంది. ఎందుకు చెడినదో తెలియదు.

ముఖారిలో కష్టం వేరు. అక్కడ స్వరం నిలవదు, ఊగుతుంది. హార్మోనియం మెట్లకు ఆ ఊపు చేతకాదన్న వాదమే 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించడానికి దారితీసినది. 1971 దాకా ఆ నిషేధం కొనసాగినది. (ఆ మూడు దశాబ్దాలూ తెలుగుదేశంలో నాటక పద్యానికి హార్మోనియమే రాజ్యం చేసినదన్నది వేరే సంగతి. రేడియో చెప్పినంత మాత్రాన పద్యం ఆగుతుందా?) అదే పడమటి నుంచి వచ్చిన వయొలిన్‌కు కర్ణాటక సంగీతం ఆసనం వేసి కూర్చోబెట్టినది, దాని తీగ మీద వేలు జారడానికి మెట్లు అడ్డం లేవు గనుక. వాద్యం పరదేశానిదా, స్వదేశానిదా అన్నది కాదు ప్రశ్న. పాట అడిగినది ఇవ్వగలదా అన్నది.

లిపి విషయంలోనూ ఇదే ప్రశ్న వేసుకొన్న మహనీయుడు ఒకడున్నాడు. మద్రాసులో ఏ. ఎం. చిన్నస్వామి ముదలియారు క్రైస్తవుడు, ఎం.ఏ. చదివినవాడు. త్యాగరాజాదుల కృతులు కాలగర్భంలో కలిసిపోతాయన్న దిగులుతో 1890ల ఆరంభంలో వాటిని ఐదు గీతల పాశ్చాత్య లిపిలో అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఆ కృషిలో సాయపడిన సుబ్బరామ దీక్షితులు, ఆయన ప్రోద్బలం కూడా కారణంగా, 1904లో ఎట్టయాపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో వెలువరించాడు. ఒక్కొక్క గమకానికీ ఒక గుర్తు ఏర్పరచి, ఆ గుర్తులను అక్షరాల మీద అచ్చు వేయించిన గ్రంథం అది. సీసపు అక్షరాలతో, చేతి అచ్చుతో ఆనాడు సాధించినదానిని, అర్ధస్వరాన్ని నూరు పాళ్లు చేసి ఒక పాలైనా జరపగల ఈనాటి సాఫ్ట్‌వేర్‌తో సాధించలేమనడం సోమరితనం.

ఇంతకీ వ్రాయకపోతే వచ్చే నష్టం ఏమిటి? తెలుగువారికి దీని జవాబు తిరుమలలో ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి భద్రపరిచారు. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు. వరుస చెక్కలేదు. సాహిత్యం వేల సంఖ్యలో దక్కినది, సంగీతం పోయినది. ఇరవయ్యవ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటికి కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చినది. ఆ వరుసలు రమ్యమైనవి. కాని అవి అన్నమయ్య విన్నవి కావు. రాజపోషణ, రాగిరేకులు, దేవాలయంలో భద్రమైన గది, ఇన్ని ఉన్న పాటలకే ఈ గతి పడితే, కాగితం కూడా ఎరుగని కొండపాట మాట చెప్పాలా?

అరకులోయ భాషల విషయంలో ఒక విచిత్రమైన కూడలి. కొందుల కువి ద్రావిడ కుటుంబానిది. గదబలలో కొందరు మాట్లాడే గుతోబు ముండా కుటుంబానిది. వేర్వేరు తెగలను కలిపే ఆదివాసీ ఒరియా ఆర్య కుటుంబానిది. వీటి మాటలను వ్రాసినవారు ఉన్నారు. జర్మనీలోని బ్రెక్లం నుంచి వచ్చిన లూథరన్ మిషనులో పనిచేసిన షుల్జే సాలూరులో ఉండి 1911లో కువి వ్యాకరణం వెలువరించాడు. ఊవె గుస్తాఫ్‌సన్ కూర్చిన ఆదివాసీ ఒరియా - తెలుగు - ఇంగ్లీషు నిఘంటువును 1989లో మైసూరులోని భారతీయ భాషల కేంద్రసంస్థ ప్రచురించినది. అంటే మాటకు నిఘంటువు ఉన్నది, వాక్యానికి వ్యాకరణం ఉన్నది. మోరి, కిరిడి, తుడుము, డప్పు మ్రోగే ఆ కొండల నడకలో, ఆ భాషలలో ప్రార్థన పాడుకొంటే ఆ వరుసకు మాత్రం ఏ రాగిరేకూ లేదు. కీబోర్డుతో పాటు తయారుగా వచ్చిన ఫైళ్లలో అది ఉండదు. ఫైలులో లేని పాటను ఆదివారం నాడు ఎత్తుకోవడం తగ్గిపోతుంది. ఎవరూ నిషేధించకుండానే అది సన్నగిల్లుతుంది.

తయారు వరుసలకు మాటలు అతికించడంలో ఉన్న ప్రమాదాన్ని భాషోపాధ్యాయులు సులభంగా గుర్తించగలరు. తెలుగులో హ్రస్వదీర్ఘాలు అర్థాన్ని మారుస్తాయి. వరుసలో పొడుగు స్వరం ఉన్న చోట ‘పడు’ అన్న మాట వచ్చినదనుకోండి. సాగదీసేసరికి అది ‘పాడు’ అవుతుంది. పడవద్దని హెచ్చరించిన పాట పాడవద్దని శాసించినట్లు వినిపిస్తుంది. గురులఘువులు ఎరిగిన కవి ఈ తప్పు చేయడు. పరభాషా వరుసకు పదాలు లెక్కపెట్టి నింపినవాడు చేస్తాడు.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చిన పద్ధతి ఇక్కడ స్మరింపదగినది. అది కూడా ఈ తూర్పు కనుమల భాషే. సవరలను ఇంట ఉంచుకొని, వారి నోట విని, విన్నది విన్నట్లు వ్రాశారు. 1931లో వెలువడిన వారి సవర భాషా గ్రంథం ఆ చెవి ఫలితం. తెలుగు విషయంలో వారు ఏ న్యాయం కోసం పోరాడారో, అదే న్యాయాన్ని సవరకూ ముందుగానే అమలు చేశారు: నోరు ముందు, వ్రాత వెనుక. స్వరలిపి సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇదే క్రమం వర్తించాలి.

అటువంటి కృషి కొండజాతుల మధ్య అసాధ్యమనేవారు మిజోరం వైపు చూడాలి. వెల్ష్ మిషనరీలు నేర్పిన సోల్ఫా లిపిని అక్కడి సామాన్య జనం చదివి నాలుగు వరుసలలో పాడగలరు. మొదట్లో చర్చి గడప తొక్కనీయని ఖువాంగ్ అనే డోలు, ఇరవయ్యవ శతాబ్దపు ఉజ్జీవ ఉద్యమాల తరువాత లోపలికి వచ్చినది. దానితో మిజోల సొంత వరుసల కీర్తనలూ వచ్చాయి. అక్కడ లిపి వరుసను మింగలేదు. రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

ఎంచుకొనే సాధనం విషయంలో ఒక జాగ్రత్త కావాలి. 1988 నుంచి లోకమంతా వాడిన ఫినాలే అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌ను దాని యజమానులు 2024 ఆగస్టులో నిలిపివేశారు. దాని సొంత పద్ధతిలో దాచుకొన్న పాటలు గలవారు కంగారు పడ్డారు. తాళం ఒకరి చేతిలో ఉన్న పెట్టెలో పాట దాచరాదు. ఇక్కడ తాళమంటే ఆది, రూపకం కాదు. మ్యూజ్‌స్కోర్ ఉచితంగా లభిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్‌లో వ్రాసినా మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ అనే బహిరంగ పద్ధతిలో ఒక ప్రతి తీస్తే మరొక సాఫ్ట్‌వేర్ చదవగలదు. కాగితం మీద ఒక ప్రతి అచ్చు తీస్తే కంప్యూటరే అక్కరలేదు.

ఇక పని చేయవలసినవారు ఎవరు? అరకు, పాడేరు ప్రాంతాల బడులలో చదివే పిల్లల చేతికి ఫోను వచ్చినది. ఇంటిలో పాట తెలిసిన అవ్వ ఇంకా ఉన్నది. ఆమె అనుమతితో పాటను ఫోనులో పట్టి, ఉపాధ్యాయుని సాయంతో వరుస వ్రాయాలి. పాట ఏ ఊరిది, ఏ భాషది, ఎవరు ఎత్తుకొంటారు, ఎవరు అందుకొంటారు, ఏ శ్రుతిలో, చరణానికీ చరణానికీ నడుమ ఎంతసేపు ఆగుతారు అన్నవన్నీ దాని నెత్తిన ఉండాలి. తరువాత యంత్రం చేత దానిని వాయించి ఆమెకే వినిపించాలి. యంత్రం వాయించగలదన్న సుగుణానికి అసలైన వినియోగం అదే. విని ఆమె తల అడ్డంగా ఊపితే వ్రాసినది కొట్టివేసి మళ్లీ వ్రాయాలి. రెండవసారీ ఊపవచ్చు, మూడవసారీ ఊపవచ్చు. ఆమె తానుగా గొంతు కలిపిన నాడు దానిని అచ్చు వేసి, ఒక ప్రతి బడిలోను, ఒకటి ప్రార్థన మందిరంలోను, ఒకటి ఆమె ఇంటిలోను ఉంచాలి.