రఫీ సాబ్ తెలుగులో పాడితే వాహ్ వా, మన బిడ్డ పాడితే ఎతిరాజా?



మా సెంటినరీ కాలనీలో ఏ దావత్‌కు వెళ్ళినా ఒక మాట వినిపిస్తుంది: "రఫీ సాబ్‌తోనే మౌసీఖీ ఖతమ్. ఆ జమానా మనది, ఆ జుబాన్ మనది." ఒక షాదీలో మెహందీ రాత్రి ఒక అమ్మాయి తెలుగు పాట అందుకుంటే ఒక బుజుర్గ్ ఆపేశారు. "గైరోళ్ళ పాటలు మనకెందుకు బేటీ?" అన్నారు. ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవలేదు.

సంగీతం జాయజా కాదా అన్న బహస్ ఇక్కడ నాది కాదు. అసలు పాటే వద్దనేవారు ఉర్దూ పాటా వద్దంటారు. వాళ్ళ ఉసూల్‌కు ఇజ్జత్ ఇస్తాను. నా సవాల్, ఉర్దూ పాటకు తలలూపి తెలుగు పాటకు మొహం మాడ్చుకునేవారికే.

జనాబ్, మీ రఫీ సాబ్ అమృత్‌సర్ దగ్గరి కోట్లా సుల్తాన్ సింగ్‌లో పుట్టిన పంజాబీ. 1969లో 'భలే తమ్ముడు', 1976లో 'ఆరాధన', ఆ తర్వాత 'అక్బర్ సలీం అనార్కలి'. మూడింటిలోనూ తెలుగులో పాడారు. ఎక్కడో పంజాబ్‌లో పుట్టినాయనకు గైర్ కాని జుబాన్, ఇక్కడే పుట్టిన పిల్లకు గైర్ ఎట్లయింది?

పోనీ, ఆ జమానా పాటలకైనా మొదటి నుంచీ ఇజ్జత్ దక్కిందా? 1952లో బి.వి. కేస్కర్ సమాచార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు బంద్ అయింది. ఆయన దృష్టిలో అది చవకబారు సరుకు. జనం ఊరుకోలేదు. రేడియో సిలోన్ తిప్పి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా విన్నారు. చివరికి 1957లో వివిధ భారతి వచ్చింది. మీరు ఇవాళ తహజీబ్ అంటున్నది ఒకప్పుడు పెద్దమనుషులు ఆపాలని చూసిన పాటే.

ఇక తెలుగు మనది కాదంటారా? గుంటూరు జిల్లా పొన్నెకల్లు షేక్ నాజర్ తెలుగు బుర్రకథతోనే 1986లో పద్మశ్రీ అందుకున్నారు. మన బాయిల్లో పైకప్పు కదిలితే పక్కనున్న సాథీ "జరుగు" అని అరిచేది తెలుగులోనే. జాన్ కాపాడే జుబాన్ పాటకు పనికిరాదా?

ఉర్దూ మీద మొహబ్బత్ ఉంటే పిల్లలకు అలిఫ్ బే దిద్దించండి, ఇంట్లో ఉర్దూ రిసాలా తెప్పించండి. అంతేగానీ తెలుగు పాడే నోరు మూయిస్తే ఉర్దూ బతకదు. ఒక జుబాన్ రాక, రెండోది పలకడానికి శరమ్ పడే ఔలాద్ మిగులుతుంది.