బడిపిల్లలు – పడని పదార్థములు

బిడ్డలను బడికి పంపుడని తల్లిదండ్రులను శాసించినది ప్రభుత్వము. ఆ బడిలో మధ్యాహ్నమున అన్నము పెట్టుచున్నదియు ప్రభుత్వమే. మొదటిదానిని 2009 నాటి విద్యాహక్కు చట్టమును, రెండవదానిని 2013 నాటి ఆహారభద్రతా చట్టమును స్థిరపరచినవి. ఈ రెండును స్వతంత్ర భారతము గర్వింపదగిన కార్యములే. కాని పిలిచి విస్తరి వేసిన గృహస్థుడు అతిథికి ఏది పడునో, ఏది పడదో విచారించుట మన దేశాచారము. ఈ యాచారమును మన విద్యాశాఖలు ఇంకను తగినంత పాటింపకుండుట శోచనీయము.

"పడదు" అను మాట మన ఇండ్లలో పాతదే. వంకాయ పడదనియు, రొయ్య పడదనియు పెద్దలు చెప్పగా వినని వారెవరు? దీనినే వైద్యులు అలర్జీ యందురు. 1906లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అను ఆస్ట్రియా వైద్యుడు ఈ పేరు పెట్టెను. శరీరమును కాపాడవలసిన శక్తియే, శత్రువు కాని పదార్థమును శత్రువని భ్రమించి దానిపై విజృంభించుట ఈ వ్యాధి స్వభావము. పలువురకిది దద్దురులతోను, తుమ్ములతోను తీరిపోవును. కొందఱకు మాత్రము నిమిషములలో పెదవులు, నాలుక వాచి, గొంతు బిగిసి, రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము సంభవించును. ఈ తీవ్రావస్థకు అనాఫిలాక్సిస్ అని 1902లో నామకరణము చేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులలో నొకడగు షార్ల్ రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించినది. శాస్త్రము తెలిసి నూఱేండ్లు దాటినది. అది మన బడి గడప ఇంకను దాటలేదు.

వేరుసెనగ, కోడిగ్రుడ్డు, పాలు, చేపలు, రొయ్యలు, గోధుమ, నువ్వులు – తఱచుగా ఈ వికారమును కలిగించు ఆహారములివి. వీనిలో గ్రుడ్డును, వేరుసెనగ చిక్కీయు ఆంధ్రప్రదేశ్ బడి భోజనమున చేరినవి. తెలంగాణమునను గ్రుడ్డు పెట్టుచున్నారు. వీనిని మానుడని మేము చెప్పుట లేదు. బక్కచిక్కిన లక్షలాది బిడ్డలకు అవి అమృతప్రాయములు. ఒక్కని పేరు చెప్పి అందఱకును మాన్పించుట పేదబిడ్డ నోటి కూడు తీయుటయే యగును. అదియు గాక, భయముచే శైశవమునుండి వేరుసెనగను దూరముంచుట మేలు కాదని 2015లో లండనులో ప్రొఫెసరు గిడియన్ లాక్ బృందము ప్రకటించిన పరిశోధన నిరూపించినది. అపాయమునకు ఎక్కువ అవకాశమున్న శిశువులకు చిన్ననాటనే దానిని తగురీతిని తినిపింపగా, అయిదవ యేటికి ఈ వ్యాధి సుమారు 80 పాళ్ళు తగ్గినది. కావున నిషేధము మార్గము కాదు. అయితే ఇదివఱకే పడదని తేలిన బిడ్డ విషయము వేఱు. వానిపై ప్రయోగములు చేయరాదు. వానికి బదులుగా పండో, మఱియొక పదార్థమో ఈయవలెను.

ఇతర దేశములు ఈ పాఠమును దుఃఖముతోనే నేర్చుకొన్నవి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున 2003లో పాలపదార్థములు పడని బాలిక యొకతె, బడి భోజనశాలలో వానితో సంపర్కము కలిగిన యాహారము తిని మరణించెను. 2005లో అచటి శాసనసభ ఆమె పేరిటనే "సబ్రీనా చట్టము" చేసినది. ఉపాధ్యాయులకు శిక్షణ, అట్టి బిడ్డ కొక్కొక్కనికి వేఱువేఱుగా వ్రాతమూలకమగు ప్రణాళిక, మందు ఇచ్చుటకు అధికారము – ఇవి దాని ముఖ్యాంశములు. చేతులు కాలిన పిమ్మట వారు ఆకులు పట్టుకొనిరి. మనము చేతులు కాలువఱకు వేచియుండవలెనా?

"నేను వైద్యుడను కాను. బిడ్డకు సూది వేయగా ఏదేని జరిగినచో నన్ను జైలులో పెట్టరా?" అని మన ఉపాధ్యాయుడు జంకును. ఆ జంకు సహజమే. కాని చట్టము దానికి ఎప్పుడో సమాధానము చెప్పినది. పూర్వపు శిక్షాస్మృతి 92వ సెక్షనును, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షనును పరికింపుడు. అనుమతి పొందుటకు వ్యవధి లేనప్పుడు, ఒకని మేలు కోరి సద్భావముతో చేసిన కార్యము నేరము కాదని అందున్నది. అయితే తగిన జాగ్రత్తయు శ్రద్ధయు లేనిచో అది సద్భావము కాదని ఆ చట్టమే నిర్వచించినది. అనగా శిక్షణయే ఉపాధ్యాయునకు కవచము. ఆ శిక్షణ నీయక, ధైర్యము చాలదని అతనిని నిందించుట న్యాయము కాదు. ఆయుష్మాన్ భారత్ పాఠశాలారోగ్య కార్యక్రమము క్రింద 2020 నుండి బడికి ఇద్దఱు ఉపాధ్యాయులను ఆరోగ్య దూతలుగా ఏర్పఱచు పద్ధతి యున్నది. వారికే ఈ శిక్షణయు ఇచ్చి, స్పష్టమగు ఉత్తరువు జారీచేసిన చాలును.

చేయవలసినది అసాధ్యమేమియు కాదు. బిడ్డను చేర్చుకొనునాడే ఏది పడదో, పడనప్పుడు ఏమి జరిగినదో వ్రాసికొని, ఒక ప్రతి తరగతి ఉపాధ్యాయునకును, ఒక ప్రతి వంట చేయు తల్లులకును ఈయవలెను. పొట్లములలో వచ్చు తినుబండారములపై పాలు, గ్రుడ్డు, వేరుసెనగ మున్నగువాని యునికిని ముద్రింపవలెనని 2020 నాటి ఆహార ప్రమాణ నిబంధనలు విధించినవి; ఆ ముద్రణమును చదువు అలవాటు కావలెను. బడి ఆవరణమున వయ్యారిభామ మొక్కలను పెఱికివేయవలెను. కందిరీగల గూళ్ళను పిల్లలు లేని వేళ తొలగింపవలెను. గరిటె వేఱు చేయుడు, పాత్ర వేఱు చేయుడు. పంక్తిని మాత్రము వేఱు చేయకుడు. సహపంక్తి భోజనమునకై పెద్దలు పాటుపడిన దేశమున ఏ బిడ్డయు అంటరానివానివలె మూలను కూర్చుండరాదు.

ఆపద వచ్చినప్పుడు అడ్రినలిన్ ఔషధమును తొడ వెలుపలి కండరమున వెంటనే ఎక్కించుట ప్రథమ చికిత్స. ఎవరికెంత మోతాదో వైద్యుడు ముందే వ్రాసి యీయవలెను. సిట్రిజిన్ మాత్ర దద్దురులను తగ్గించునే గాని బిగిసిన గొంతును విప్పజాలదు. బిడ్డను నిలువబెట్టక, నడిపింపక, పరుండబెట్టవలెను. ఊపిరి యాడనిచో కూర్చుండనీయవలెను. 108కి తక్షణమే కబురంపవలెను. తేరుకొన్నట్లు కనబడినను కొన్ని గంటలకు ఉపద్రవము తిరుగబెట్టవచ్చును గనుక ఆసుపత్రికి చేర్చియే తీరవలెను.

అడ్రినలిన్ సీసా చవుకయే. కాని ఉపాధ్యాయుడైనను సులభముగా వాడదగినట్లు, మోతాదు ముందే నింపిన సూది మన పల్లెలలో సామాన్యునకు అందుట లేదు. ప్రపంచమునకు మందులు పంపుచున్న హైదరాబాదు నగరము, పొరుగుననున్న బడికి ఈ సూదిని చవుకగా అందింపలేదా? స్వదేశీ దీక్షకు ఇంతకంటె తగిన పరీక్ష యేమున్నది?

ప్రభుత్వోత్తరువునకై చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. ఈ పత్రికను పఠనమందిరమున చదువు ప్రతి పౌరుడును ఈ వారముననే తన వాడలోని బడికి పోయి, పడని పదార్థముల పట్టిక యున్నదా యని అడుగవచ్చును. యువజన సంఘములు ప్రాథమికారోగ్య కేంద్రపు వైద్యుని పిలిపించి ఒకపూట శిక్షణ నేర్పాటు చేయవచ్చును. పాఠశాలా యాజమాన్య సంఘములలోని తల్లిదండ్రులు తీర్మానము చేసి పై యధికారులకు పంపవచ్చును. వేయి మందిలో ఒక బిడ్డకే ఈ యాపద రానిండు. ఆ బిడ్డయు భారతమాత బిడ్డయే. వాని ప్రాణము ఒక్క సీసా మందునకును, ఒక్కపూట శిక్షణకును నోచుకొనలేదన్న అపకీర్తి మనకు రాకుండు గాక!