మూసిన షట్టరు వెనుక

వస్త్ర దుకాణదారునికి రంజాన్ నెల ఏడాది పంట. ఆ ఆశతోనే చాలామంది షాబాన్ నెలలోనే హైదరాబాదు మదీనా మార్కెట్ నుంచి అరువుపై సరుకు దించుకుంటారు. ఉన్నది చాలదనిపించి పక్క మడిగె కూడా అద్దెకు తీసుకుంటారు. పండుగ దాటాక మిగిలిన బట్ట పాతబడిపోతుంది. టోకు వర్తకుని బాకీ మాత్రం పాతబడదు. అప్పుడు గుర్తొచ్చేవాడు గిరిగిరి వడ్డీవాడు. కాగితంపై 10,000 రాసి, చేతిలో 8,500 పెట్టి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తాడు. బేరం లేని రోజు కూడా సాయంత్రానికి వచ్చి నిలబడతాడు.

వడ్డీకి తలొగ్గడం పాపమే. అది అతనికీ తెలుసు. కాని దుకాణం మూతపడ్డాక మనమేం చేస్తున్నాం? అత్యాశకు పోయాడని తీర్పు చెప్పి, సలాం తగ్గిస్తున్నాం.

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. పండ్లు కొని నష్టపోయిన ఒక వ్యక్తి అప్పులపాలయ్యాడు. అతనికి దానం చేయమని దైవప్రవక్త (సఅసం) ప్రజలను ఆదేశించారు. పోగైనది బాకీకి చాలలేదు. దొరికినంత తీసుకొమ్మని, అంతకు మించి వారికి రాదని అప్పులవారికి చెప్పారు.

తౌబా సూరా 60వ ఆయతు ప్రకారం జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు. అయినా మన జాబితాలలో, నిన్నటిదాకా తానే జకాత్ ఇచ్చిన దుకాణదారుని పేరు కనిపించదు. అతను నోరు తెరిచి అడగడు. మహల్లా పెద్దలే ఇషా నమాజు తరువాత అతని ఇంటికి వెళ్లి, బాకీ ఎంతో, ఇల్లాలి నగలు ఎక్కడ కుదువలో ఉన్నాయో మెల్లగా కనుక్కోవాలి.