పన్ను ఢిల్లీకి, తాళం ఇంటికి

ఒక వస్తువు మీద పన్ను వేయడానికి అది మంచిదో చెడ్డదో తేల్చవలసిన అగత్యం ప్రభుత్వాలకు లేదు. సారాయి విషయంలో రాష్ట్రాలు ఈ సత్యాన్ని ఏనాడో గ్రహించాయి. క్రిప్టో కరెన్సీ విషయంలో కేంద్రం 2022లో గ్రహించింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ తమ బడ్జెట్ ప్రసంగంలో ఈ "వర్చువల్ డిజిటల్ ఆస్తుల" వల్ల వచ్చే లాభాల మీద నూటికి 30 వంతున పన్ను ప్రకటించారు. జూలై 1 నుంచి నిర్ణీత పరిమితి దాటిన బదిలీల మీద నూటికి ఒక రూపాయి ముందుగానే మినహాయించే ఏర్పాటు కూడా అమలులోకి వచ్చింది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొక నాణెంలో వచ్చిన లాభంతో సరిపెట్టుకోవడానికి వీలు లేదు. పన్ను వేసినంత మాత్రాన ఈ వ్యాపారానికి రాజముద్ర వేసినట్లు భావించరాదని ప్రభుత్వ వాదన.

పాత పార్లమెంటు భవనంలోని సెంట్రల్ హాలులో కాఫీ తాగుతూ ఇటువంటి వాదనల్లోని లొసుగులను సభ్యులతోనే చర్చించే అవకాశం ఒకప్పుడు మాబోటి విలేఖరులకు ఉండేది. కొత్త భవనంలో ఆ హాలు లేదు, ఆ కాఫీ లేదు. కనుక ఈ వారం చర్చ మా వీధిలోనే జరిగింది. కేంద్ర సర్వీసులో పదవీ విరమణ చేసి ఇక్కడే స్థిరపడిన ఒక తెలుగు పెద్దమనిషి బొటనవేలంత పరికరాన్ని రుమాలులో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. బెంగుళూరులో ఉద్యోగం చేసే వారి అబ్బాయి 2024లో ఒక ఎక్స్ఛేంజిలో సొమ్ము చిక్కుకొని నానా యాతన పడ్డాడట. మిగిలినది ఇక ఎవరిచేతిలోనూ పెట్టనని ఈ హార్డ్‌వేర్ వాలెట్ కొని, రెండవది తండ్రి వద్ద ఉంచాడు. "ఏమండీ, తాయెత్తులా ఉంది గాని, ఇది ఇంట్లో పెట్టుకోవడం నేరం కాదు గదా?" అని వారి ప్రశ్న.

నేరం కాదు. కాని ఈ "కాదు" అన్న మాట వెనుక ఉన్న చరిత్ర ఏమంత సూటిగా నడవలేదు. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ద్వారా ఈ వ్యాపారులకు బ్యాంకు సేవలు అందకుండా చేసింది. నిషేధమని అనలేదు, ఊపిరి మాత్రం ఆడనివ్వలేదు. 2019లో సుభాష్ చంద్ర గార్గ్ సంఘం పూర్తి నిషేధాన్నే సిఫారసు చేసి, ముసాయిదా బిల్లులో కారాగార శిక్షలు కూడా చేర్చింది. 2020 మార్చి 4న సుప్రీం కోర్టు రిజర్వు బ్యాంకు సర్క్యులరును కొట్టివేసింది. చేసిన కట్టడి జరిగిన హానికి తగిన పాళ్లలో లేదన్నది ఆ తీర్పులోని కీలకాంశం. 2021 శీతాకాల సమావేశాల కార్యక్రమంలో ఒక క్రిప్టో బిల్లు పేరు కనిపించింది. సభలో ప్రవేశపెట్టకుండానే సమావేశాలు ముగిశాయి. తరువాత వచ్చినది పన్ను. 2023 మార్చిలో ఈ వ్యాపార సంస్థలను మనీ లాండరింగు నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు.

అంటే లాభంలో వాటా తీసుకొనేందుకు, అక్రమ ధనాన్ని పట్టుకొనేందుకు రాజ్యం ముందుకు వచ్చింది. పౌరుని సొమ్ముకు కాపలా కాసేందుకు మాత్రం రాలేదు. బ్యాంకు కూలిపోతే డిపాజిటుదారుకు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. ఇక్కడ అటువంటిది ఒక్క రూపాయికీ లేదు. ఈ లోటు ఎంతటిదో 2024 జూలై 18న బయటపడింది. ఆనాడు వజీర్ ఎక్స్ సంస్థ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, అనగా సుమారు 2 వేల కోట్ల రూపాయల విలువైన ఆస్తులు తరలిపోయాయి. ఉత్తర కొరియా హ్యాకర్ల పని ఇదని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా సంయుక్త ప్రకటనలో పేర్కొన్నాయి. మాతృసంస్థ సింగపూరులో ఉన్నందున పరిష్కార ప్రణాళిక సింగపూరు హైకోర్టు ముందు నడిచింది. 2025 అక్టోబరు వరకు ఆ వేదిక మీద లావాదేవీలు తిరిగి ఆరంభం కాలేదు. 2025 జూలైలో కాయిన్ డిసిఎక్స్ నుంచి 4 కోట్ల 40 లక్షల డాలర్లు పోయాయి. ఖాతాదారుల సొమ్ము చెక్కుచెదరలేదని, నష్టం తామే భరిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. అందరికీ అంతటి అదృష్టం పట్టదు.

మా పెద్దమనిషి అబ్బాయి వంటివారు ఈ చిన్న పరికరాన్ని ఆశ్రయించడానికి కారణం ఇదే. అయితే దీని విషయంలో ఒక అపోహ సర్వత్రా ఉంది. నాణేలు ఈ డబ్బీలో ఉండవు. ఎవరి పేర ఎంత ఉన్నదన్న లెక్క ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకే దస్తరంగా ఉంటుంది. మన పొలం దస్తావేజు రిజిస్ట్రారు కచేరీలో ఉన్నట్లే అనుకోవచ్చు. పరికరంలో ఉండేది యజమాని సంతకం చేసే రహస్య సంఖ్య మాత్రమే. బదిలీ కాగితం కంప్యూటరు నుంచి పరికరం లోపలికి వెళుతుంది, లోపలే సంతకమై బయటికి వస్తుంది. ఆ రహస్య సంఖ్య ఏనాడూ గడప దాటదు. కంప్యూటరులో ఎన్ని వైరస్‌లు ఉన్నా వాటికి అది చిక్కదు. 2014లో చెక్ దేశపు ట్రెజర్ పరికరం అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్సులో లెడ్జర్ సంస్థ ఏర్పడింది. నేటికీ ఈ రంగంలో వినిపించే పెద్ద పేర్లు ఈ రెండే.

జాగ్రత్త కొనుగోలుతోనే మొదలు కావాలి. తయారీదారు వద్దనో, వారు తమ జాబితాలో పేర్కొన్న విక్రేత వద్దనో కొనాలి గాని, చవకగా వస్తున్నదని ముక్కూ మొహం తెలియని అంగడిలో కొనరాదు. డబ్బీ తెరవగానే రహస్య పదాలు ముందుగానే అచ్చువేసిన కాగితం కనిపిస్తే అది నిస్సందేహంగా మోసం. ఆ పదాలు మరొకడి దగ్గర కూడా ఉన్నాయన్నమాట. నిజమైన పరికరం తన పదాలను తానే, యజమాని కళ్ళముందు, తన తెర మీద పుట్టిస్తుంది. దానితో పనిచేసే అప్లికేషన్‌ను సైతం సెర్చిలో ముందు కనిపించిన ప్రకటన నుంచి గాక తయారీదారు సొంత చిరునామా నుంచే దింపుకోవాలి.

ఇక ఆ పదాలు. సర్వస్వం వాటిలోనే ఉంది. సాధారణంగా 12 గాని 24 గాని ఉంటాయి. 2,048 ఇంగ్లీషు మాటల పట్టిక ఒకటి ఉంది. పరికరం అందులోనుంచి ఏరుతుంది. పరికరం పోయినా, కాలువలో పడినా కొత్త పరికరంలో అవే మాటలు అదే వరుసలో ఎక్కించిన మరుక్షణం సొమ్ము తిరిగి చేతికి వస్తుంది. ఇంకొకరు ఎక్కిస్తే ఇంకొకరి చేతికి పోతుంది. ఈ ప్రమాణంలో జపాను, కొరియా, ఫ్రెంచి, ఇటాలియన్, చెక్ మొదలైన భాషల పట్టికలు ఉన్నాయి గాని, హిందీ లేదు, తెలుగు లేదు. ఇంగ్లీషు సాహిత్యం చదివి పట్టా పుచ్చుకున్న నాకు ఇదొక వింత అనుభవం: అర్థంతో నిమిత్తం లేకుండా 24 మాటలను స్పెల్లింగు తప్పకుండా రాసుకోవడం! పట్టిక కూర్చినవారు కొంత దయ చూపారు. మొదటి నాలుగు అక్షరాలు సరిగా ఉంటే మాట ఏదో తేలిపోతుంది, ఏ రెండు మాటలకూ అవి ఒకటి కావు. వరుస మాత్రం తప్పరాదు.

వీటిని చేత్తో రాయాలి. ఫొటో తీయరాదు, వాట్సాప్‌లో తమకు తాము పంపుకోరాదు, ఇమెయిల్‌లో దాచరాదు, కంప్యూటరులో టైపు చేయరాదు. సెల్‌ఫోనులో తీసిన ఫొటో తనంత తానే ఏ దేశపు సర్వరుకు ఎగిరిపోతుందో యజమానికే తెలియదు. కాగితానికి చెదలు, వాన, నిప్పు శత్రువులు గనుక కొందరు ఉక్కురేకు మీద చెక్కించుకుంటారు. చెక్కే పనివానికి పదాలు చూపితే మాత్రం ప్రయోజనం సున్న. రెండు ప్రతులు రెండు ఇళ్ళలో ఉంచడం మేలు. పరికరానికి ఒక పిన్ సంఖ్య కూడా ఉంటుంది; లెడ్జర్ అయితే మూడుసార్లు తప్పు కొట్టేసరికి తనలోని సమస్తం తుడిచివేసుకుంటుంది. పదాలున్నవాడు దీనికి భయపడనక్కరలేదు.

సొమ్మంతా ఒక్కసారిగా తరలించడం అవివేకం. ముందు కొద్దిపాటి మొత్తం పంపి, పరికరాన్ని కావాలనే చెరిపి, కాగితం మీది పదాలతో మళ్ళీ నిలబెట్టి, ఆ మొత్తం కనిపించిన తరువాతే మిగిలినది పంపాలి. నూటికి తొంభైమంది ఈ పరీక్ష చేయరని నా అనుమానం. చిరునామాను కంప్యూటరు తెర మీద గాక పరికరపు తెర మీద చూసి సరిపోల్చుకోవాలి. కాపీ చేసిన చిరునామాను మధ్యలో మార్చివేసే దొంగ ప్రోగ్రాములు ఉన్నాయి. సొంత ఖాతా నుంచి సొంత పరికరంలోకి మార్చుకోవడం అమ్మకం కాదు, కాని కొన్న తేదీ, ధర, పన్ను మినహాయింపు కాగితాలు భద్రపరచకపోతే రేపు అమ్మిననాడు ఆదాయపు పన్ను శాఖకు చెప్పే సమాధానం ఉండదు.

ఇంత చేసినా పరికరం సర్వరోగ నివారిణి కాదు. వజీర్ ఎక్స్ సంఘటనలో సంస్థ పక్షాన సంతకాలు చేసినవారు హార్డ్‌వేర్ వాలెట్లే వాడారు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే సంస్థ నుంచి సుమారు 150 కోట్ల డాలర్లు పోయిన ఉదంతంలోనూ అంతే. తాళాన్ని ఎవరూ పగులగొట్టలేదు. కంప్యూటరు తెర మీద ఒక కాగితం చూపించి, పరికరానికి వేరొక కాగితం పంపారు. యజమానులు చదవకుండా సంతకం పెట్టారు. మన పల్లెల్లో వడ్డీ వ్యాపారి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్న పద్ధతికీ దీనికీ భేదం ఏమిటో నాకు బోధపడలేదు. పరికరపు తెర మీద అర్థం కాని అంకెలు కనిపిస్తే అంగీకరించకపోవడం ఒక్కటే మార్గం.

మరొక ప్రమాదం తపాలాలో వస్తుంది. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల వివరాలు బయటపడ్డాయి. సుమారు 2 లక్షల 72 వేలమంది ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు అందులో ఉన్నాయి. అటుపిమ్మట వారికి నకిలీ పరికరాలు, కంపెనీ పేరిట ఉత్తరాలు వచ్చాయి. అన్నిటి సారాంశం ఒకటే: మీ 24 పదాలు ధ్రువీకరించండి. ఏ కంపెనీ, ఏ బ్యాంకు, ఏ పోలీసు అధికారి ఫోనులో అడిగినా చెప్పవలసిన అవసరం లేదు. తన వద్ద ఇటువంటి ఆస్తి ఉన్నదని నలుగురిలో చెప్పుకోకపోవడం అంతకన్న క్షేమం.

చెప్పకపోతే మరొక చిక్కు ఉంది. 2025లో పార్లమెంటు చేసిన బ్యాంకింగ్ సవరణ చట్టం ప్రకారం డిపాజిటుకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. ఈ పరికరానికి నామినీ గడి లేదు. క్వాడ్రిగా అనే కెనడా ఎక్స్ఛేంజి అధిపతి 2018 డిసెంబరులో మన జైపూరులోనే మరణించాడు. తాళాలు ఆయనకు మాత్రమే తెలుసునని సంస్థ ప్రకటించడంతో 76 వేల మందికి పైగా ఖాతాదారులు గొల్లుమన్నారు. తీరా వెదికితే తాళం వేసిన పెట్టెలు ఏనాడో ఖాళీ అయ్యాయి. అది మోసమని 2020లో ఒంటారియో నియంత్రణ సంస్థ తేల్చింది. నిజాయితీపరుడు పోయినా వారసులకు ఫలితం అదే.

రాజ్యం సంగతికి వస్తే, 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 247వ సెక్షన్ సోదా అధికారులకు "వర్చువల్ డిజిటల్ స్పేస్" తలుపులు తెరిచే అధికారం ఇచ్చింది. పాస్‌వర్డును దాటి వెళ్ళవచ్చునన్నారు. కాగితం మీది ఆ అధికారం ఈ డబ్బీ ముందు నిలవదు. యజమాని నోరు తెరిస్తేనే అది తెరుచుకుంటుంది. ఒక బిట్‌కాయిన్ మోసం కేసులో నిందితుడు తన వాలెట్ పాస్‌వర్డు దర్యాప్తు సంస్థకు వెల్లడించాలని 2022 మార్చిలో సుప్రీం కోర్టు ఆదేశించింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణం ఈ 24 పదాలకు ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్న మీద సభలో ఒక పూట చర్చ జరిగినా తప్పు లేదు. క్రిప్టో కూడా ఆస్తియేనని, దానిని ఇతరుల తరఫున నమ్మకంగా ఉంచుకోవచ్చునని 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు అన్నది. న్యాయస్థానం చెప్పగలిగిన మాటను శాసనసభ చెప్పకపోవడం విచిత్రం.

ఇరుగుపొరుగును చూస్తే ఒక్కొక్కరిది ఒక్కొక్క దారి. భూటాన్ తన జలవిద్యుత్తుతో ప్రభుత్వ పక్షాన బిట్‌కాయిన్ తవ్వించుకున్నది. పాకిస్తాన్ 2025 మార్చిలో ఒక క్రిప్టో మండలిని నెలకొల్పింది. నేపాల్ కేంద్ర బ్యాంకు 2017లోనే నిషేధం ప్రకటించింది. నిషేధానికీ, ఆహ్వానానికీ నడుమ పన్ను అనే వంతెన మీద నిలిచినది మనమే.

ఈ సంగతులన్నీ విని మా పెద్దమనిషి పరికరాన్ని తిరిగి రుమాలులో చుట్టుకున్నారు. వారి శ్రీమతికి ఇంగ్లీషు రాదు. కనుక ఏ డబ్బీ, ఎవరికి చూపాలి, ఎవరికి చూపరాదు అన్న వివరం తెలుగులో రాసి, పదాల కాగితానికి దూరంగా వేరే కవరులో పెడతానన్నారు. గుమ్మం దాటుతూ వెనుదిరిగి, "అసలు ఆ పదాల కాగితం ఎక్కడ పెట్టానంటే..." అని మొదలు పెట్టారు. చెప్పవద్దని వారించాను.