వారం గాలి, ఏడాది నొప్పి

కైట్‌సర్ఫింగ్‌లో దెబ్బలంటే అందరూ చెప్పేవి ఎగిరిపడి రాళ్లకు గుద్దుకున్న కథలే. అందుకే నేర్పేవాళ్లు మొదటి రోజే కైట్‌ను ఒంటి నుంచి విడగొట్టే సేఫ్టీ రిలీజ్‌ను పదే పదే లాగిస్తారు. మంచిదే. అయితే ఏ రాయీ తగలకుండా, ఫలానా రోజు తగిలిందని చెప్పలేకుండా ఒంట్లో చేరే దెబ్బలున్నాయి. వాటి ఊసు పెద్దగా ఎత్తరు.

రామేశ్వరం దగ్గర లోతు లేని నీళ్లలో నేర్చుకుంటున్నవాళ్ల చేతులు గమనించండి. బార్ మీద పిడికిలి ఎంత బిగుస్తుందంటే వేళ్ల కణుపులు పాలిపోతాయి. నిజానికి కైట్ లాగే బరువు నడుముకు కట్టిన హార్నెస్ కొక్కేనికి పోవాలి. బార్ ఉన్నది కైట్‌ను తిప్పడానికీ, లాగుడు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ. పట్టు వదులుగా ఉన్నా ఆ పని జరుగుతుంది. భయంలో ఉన్న వేళ్లకు ఆ సంగతి ఎక్కదు. గంటల తరబడి అలా బిగపడితే, మణికట్టును పైకెత్తే కండరాలు మోచేతి బయటి ఎముకకు అతుక్కునే చోట టెండన్ నలిగిపోతుంది. 2004లో సచిన్‌ను ఆటకు దూరం చేసిన టెన్నిస్ ఎల్బో ఇదే. సాయంత్రం టీ గ్లాసు ఎత్తితే చురుక్కుమంటుంది. మర్నాడు నీళ్లలో దిగిన కాసేపటికి తగ్గినట్టే ఉంటుంది. ఒళ్లు వేడెక్కితే టెండన్ ఊరుకుంటుంది, తెల్లారేసరికి వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

నడుముదీ ఇదే గోల. హార్నెస్ పైకి జారి పక్కటెముకలను నొక్కుతుంటే, వెన్ను వెనక్కి వంచి గంటలకొద్దీ ఆనుకోవాలి. సీట్ హార్నెస్ అయితే లాగుడు కాస్త కిందికి, తుంటి వైపు పోతుంది. చూడ్డానికి డైపర్‌లా ఉంటుందని కుర్రాళ్లు దాన్ని ముట్టుకోరు! ఎగిరి దిగేవాళ్ల మోకాళ్లు, మడమల సంగతి చెప్పక్కర్లేదు.

నా తగాదా ఆటతో కాదు, సెలవులతో. శ్రీలంకలోని కల్పిటియలో నైరుతి గాలి మే నుంచి అక్టోబరు దాకా వీస్తుంది. స్పెయిన్‌లోని తరీఫాలో లెవాంతే గాలి పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. ఏడాదంతా ఆఫీసులో మౌస్ తిప్పిన చెయ్యి వారం సెలవు మీద అక్కడ దిగుతుంది. డబ్బు కట్టేశాం, గాలి ఉంది, ఇక ఒడ్డున కూర్చునేదెవరు? రోజుకు ఐదారు గంటలు నీళ్లలోనే. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు కావాలి. కాబట్టి తయారీ టికెట్ కొన్న రోజే మొదలవ్వాలి. అక్కడికి వెళ్లాక కూడా గాలి బాగున్న ఒక రోజును చేతులారా వదులుకోవాలి. ఈ మాట అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారని తెలుసు.

నొప్పి ముదిరాక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కోసం పరుగెత్తేవాళ్లున్నారు. కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది. టెన్నిస్ ఎల్బో మీద జరిగిన పరీక్షల్లో మాత్రం, ఏడాది తిరిగేసరికి ఆ ఇంజెక్షన్ చేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారు. అలాగని చెయ్యి కదపకుండా కూర్చున్నా లాభం లేదు, బరువు పడకపోతే టెండన్ గట్టిపడదు. ఫిజియోలు చేయించేది చాలా విసుగు పుట్టించే పని: ముంజేతిని బల్ల మీద ఆనించి, చిన్న డంబెల్‌తో మణికట్టును పైకెత్తి నెమ్మదిగా దించడం. అలా కొన్ని నెలలు. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటికి అది పెరిగితే బరువు తగ్గించాలి.

— తీరవాసి