పట్టమా? పనితనమా?

డిజైను, అనగా రూపకల్పన, వృత్తిగా గొనదలచిన యువకులును వారి తల్లిదండ్రులును నేడు మన పట్టణములలో నొక ప్రశ్న నడుగుచున్నారు: నాలుగేండ్లు చదివి పొందిన పట్టము ముఖ్యమా, తాను చేసిన పనుల సంపుటము, అనగా పోర్టుఫోలియో, ముఖ్యమా? ఈ ప్రశ్న వెనుక ఇల్లు కుదువబెట్టి తెచ్చిన అప్పు కలదు గనుక దీనిని వినోదచర్చగా నెంచరాదు.

మా న్యాయవాదవృత్తిలో పట్టము లేనివానికి ప్రవేశము లేదు. 1972 నాటి చట్టము ననుసరించి, నమోదు కానివాడు తన్ను ఆర్కిటెక్టని చెప్పుకొనరాదు. కాని పుస్తకమునకు ముఖచిత్రము గీయుటకును, చీరకు అంచు కూర్చుటకును, చేతిఫోనులోని తెరలను తీర్చుటకును మన దేశమున నే చట్టమును పట్టము నడుగలేదు. అడుగువారు పని యిచ్చువారే.

భారతప్రభుత్వపు కోరికపై ఈమ్స్ దంపతులు 1958లో నొక నివేదిక నొసగిరి. దానిని పురస్కరించుకొని 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసినది. అందు చార్లెస్ ఈమ్స్ విశ్వవిద్యాలయమున వాస్తువిద్యను నడుమ విడిచినవాడు! ఆ నివేదికలో వారు వేనోళ్ల గొనియాడినది మన యింటి చెంబును. దానిని తీర్చిన కంచరుల పేరులే తెలియవు. వారి పట్టముల మాట యెత్తనేల? పిమ్మట అర్ధశతాబ్దమునకు పైగా ఆ సంస్థ డిప్లొమాల నిచ్చినదేగాని, 2014 నాటి చట్టము వచ్చువరకు పట్టముల నీయజాలలేదు. అందువలన దాని గౌరవమేమైన తగ్గినదా?

మన బాపు 1955లో న్యాయశాస్త్రపట్టము నందెను. ఆ పట్టము ఆయన కుంచెకు గీత యొక్కటైన నేర్పలేదు. ఆయన చేతివ్రాత అచ్చుటక్షరములై నేడు పెండ్లిశుభలేఖలవరకు వ్యాపించినది. న్యాయస్థానమున కొక వకీలు నష్టమయ్యెను. అందులకు మేము విచారింపము.

మా భాషలో చెప్పవలెనన్న, పనుల సంపుటము ప్రత్యక్షసాక్ష్యము. పట్టము ఒకరు విని చెప్పిన మాట. కావున మొదటిదే బలవత్తరమని మా నిశ్చయము. అయితే సాక్షి యన్నవాడు అడ్డుప్రశ్నకు నిలువవలెను. ఇందులో నీ చేతిది యెంత, తోడివారిది యెంత? తొలిచిత్తు ఎక్కడ? దాని నేల త్రోసివైచితివి? వాడినవారు ఏమనిరి? కృత్రిమమేధ క్షణములో నూరు బొమ్మలను వెడలగ్రక్కు నీ దినములలో, తళతళలాడు తుదిరూపమును మాత్రమే చూపు సంపుటము దేనికిని సాక్ష్యము కాదు. పనులు ఐదారు చాలును. ప్రతిదాని పుట్టుకయు, తప్పులును, దిద్దుబాట్లును కనబడవలెను.

అట్లని కళాశాలలు వ్యర్థములని మేమనము. దిద్దు గురువు, పోటీపడు తోడివారు, పనిశాల, అన్నిటికంటె ముఖ్యముగా తీరిక, అచట లభించును. పగలెల్ల దుకాణములో నిలిచి రాత్రి బొమ్మలు గీయు పేదబాలునితో "సంపుటము చూపు"మనుట సులభము. ఆ తీరిక వానికెవ రిచ్చెదరు? అధ్యాపకపదవులకును, పెక్కు ప్రభుత్వోద్యోగములకును పట్టము కావలయును. అమెరికావారి ఎచ్-1బి వీసా కూడ పట్టమునో తత్సమానయోగ్యతనో కోరును. ఆ దారులు పట్టువాడు చదువవలసినదే. 2015లో ఆంధ్రప్రదేశమునందును జాతీయ డిజైను సంస్థ యొకటి ప్రారంభమైనది. అందు చేరుటకే గీతను, చేతిపనిని పరీక్షింతురు. గురువులెవరో, వెడలినవారి పనులెట్టివో విచారింపక, "డిజైను" అను పలకను జూచి లక్షలు చెల్లించుటనే మేము ఖండించుచున్నాము.

మరియొక యన్యాయము కలదు. పట్టముతో పనిలేదని గొప్పగా పలుకు యజమానులు కొందరు, పరీక్షార్థమని చెప్పి నిరుద్యోగులచేత దినములకొలది ఉచితముగా పని చేయించుకొని, వారికి మరల జవాబైన వ్రాయరు; ఆ రూపము మాత్రము అంగడి కెక్కును. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, వ్రాతపూర్వకముగా నొరులకు బదలాయింపనంతవరకు అట్టి రచనపై హక్కు గీసినవానిదే. యువకులు అడిగిన పరీక్షపని ఒక్కపూటకు మించెనేని కూలి యడుగవలెను. పంపు ప్రతి పుటమీద పేరును తేదియును వ్రాసి, నకలు తమకడ నుంచుకొనవలెను.